వాద్యానువాద కళ

ఒక భాషలో పుట్టిన కావ్యం మరొక భాషలో తిరిగి జన్మించడం తెలుగువారికి కొత్త విషయం కాదు. తెలుగు సాహిత్యానికి ఆదికావ్యమైన ఆంధ్రమహాభారతమే సంస్కృత మూలానికి అనుసృజన. నన్నయ వ్యాసుని శ్లోకాలను మాటకు మాటగా తెలుగు చేయలేదు. కథాక్రమాన్ని కాపాడుతూ, కొన్ని ఘట్టాలను సంగ్రహించి, కొన్నింటిని విస్తరించి, తెలుగు పద్యానికి తగిన నడకను కల్పించాడు. శ్రీనాథుడు శృంగారనైషధం చివర తాను అనుసరించిన అనువాద పద్ధతిని తానే ప్రకటించుకొన్నాడు. అనువాదకుడికి స్వేచ్ఛ ఎంత, బాధ్యత ఎంత అనే ప్రశ్న తెలుగు సాహిత్యంలో నాటినుండి నేటివరకు సజీవంగానే ఉంది.

ఇదే ప్రశ్న సంగీతంలోనూ ఎదురవుతుంది. గాత్రం కోసమో, ఒక వాద్యం కోసమో, వాద్యబృందం కోసమో రచించిన సంగీతాన్ని మరొక వాద్యానికి అనుగుణంగా తిరిగి రాయడాన్ని పాశ్చాత్యులు ట్రాన్‌స్క్రిప్షన్ అంటారు. దీనిని తెలుగులో వాద్యానువాదం అనవచ్చు. కర్ణాటక సంగీతంలో గాత్రానికి ఉద్దేశించిన కీర్తనను వీణపైన, వయొలిన్‌పైన పలికించడం నిత్యం జరిగేదే. అందుకు ఎవరూ అభ్యంతరం చెప్పరు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో పరిస్థితి వేరు. అక్కడ ఏ స్వరాన్ని ఏ వాద్యం, ఎంతసేపు, ఎంత గట్టిగా పలకాలో స్వరకర్త లిపిలో నిర్దేశిస్తాడు. వయొలిన్ ధ్వని, కొమ్మువాద్యపు గాంభీర్యం, భేరీనాదం అన్నీ ఆయన ఊహలో భాగాలే. అటువంటి రచనను తీసుకొని ఒక్క పియానోపై వాయించడం మూలానికి అపచారమని వాదించేవారు ఉన్నారు. అది కేవలం వేళ్ల గారడీ అని కొట్టిపారేసేవారూ ఉన్నారు. ఈ ఆక్షేపణలలో కొంత సత్యం ఉంది. అయినా ఉత్తమమైన వాద్యానువాదం మూలాన్ని తక్కువ చేయదనీ, శ్రద్ధతో చదివిన ఒక రసజ్ఞుని వ్యాఖ్యానంవలె దానిని మరింత దగ్గరకు తెస్తుందనీ పరిశీలిస్తే తెలుస్తుంది.

మొదట పియానో స్వభావాన్ని గ్రహించాలి. ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో 1700 ప్రాంతంలో బార్తొలొమేయో క్రిస్టోఫరి అనే శిల్పి ఈ వాద్యాన్ని రూపొందించాడు. అంతకుముందున్న హార్ప్సికార్డ్‌లో మీట నొక్కితే లోపలి తీగ మీటబడుతుంది. వేలి బరువు మారినా ధ్వనిలో పెద్దగా మార్పు ఉండదు. క్రిస్టోఫరి తీగను మీటడానికి బదులు చిన్న సుత్తితో తాకే ఏర్పాటు చేశాడు. దానితో వేలిని మెల్లగా వేస్తే మంద్రమైన ధ్వని, బలంగా వేస్తే గంభీరమైన ధ్వని సాధ్యమైంది. నేటి పియానోకు సాధారణంగా 88 మీటలు ఉంటాయి. వాద్యబృందంలోని అత్యంత మంద్రస్వరం నుండి అత్యంత తారస్వరం వరకు దాదాపు అంతా దాని పరిధిలోనిదే. ఒక్క మనిషి పది వేళ్లతో అనేక స్వరాలను ఏకకాలంలో పలికించగలడు.

అయితే పియానోకు ఒక పుట్టులోపం ఉంది. సుత్తి తీగను తాకిన క్షణం నుండి ధ్వని తగ్గుతూ పోతుంది. వయొలిన్ విద్వాంసుడు కమాను లాగుతూ ఒకే స్వరాన్ని పెంచగలడు, తగ్గించగలడు, వణికించగలడు. గాయకుడు తన శ్వాసతో అదే పని చేయగలడు. పియానో విద్వాంసుడికి ఆ అవకాశం లేదు. మీట నొక్కిన తరువాత ఆ స్వరం అతని చేయి దాటిపోయినట్లే. కనుక వయొలిన్ పాటను పియానోకు తెచ్చేవాడు ఉన్న స్వరాలను ఉన్నట్లు ఎత్తి రాస్తే చాలదు. ఆరిపోయే ధ్వనులతో ఆరని పాట ఉన్నట్లు శ్రోతకు తోచేటట్లు చేయాలి. రెండు స్వరాలను వేగంగా మార్చిమార్చి పలికించడం, పెడల్‌ను తొక్కి మంద్రస్వరాన్ని నిలిపి ఉంచడం, ముఖ్యమైన పాటను ఒక వేలికి అప్పగించి మిగిలిన వేళ్లను అణచి ఉంచడం వంటి ఉపాయాలు ఇందుకోసం పుట్టినవే. వాద్యానువాద కళ అంతా ఈ లోపాన్ని దాటే ప్రయత్నంలోనే ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

ధ్వనిముద్రణ లేని కాలంలో వాద్యానువాదం ఒక అవసరం. పంతొమ్మిదో శతాబ్దంలో పెద్ద వాద్యబృందాన్ని వినాలంటే పెద్ద నగరంలో ఉండాలి. అక్కడ కూడా ఒక సింఫనీని జీవితకాలంలో రెండు మూడు సార్లు వినగలిగినవాడు అదృష్టవంతుడే. పియానో మాత్రం ఎన్నో మధ్యతరగతి ఇళ్లలో ఉండేది. బేతోవెన్ సింఫనీలను ఇద్దరు ఒకే పియానో ముందు కూర్చొని నాలుగు చేతులతో వాయించుకొనేవారు. ఫ్రెంచి స్వరకర్త బెర్లియోజ్ రచించిన ఫాంటాస్టిక్ సింఫనీ 1830లో పారిస్‌లో తొలిసారి వినిపించింది. యువకుడైన ఫ్రాంజ్ లిస్ట్ 1833లో దానిని పియానోకు అనువదించి, మరుసటి ఏడాది తన సొంత ఖర్చుతో ప్రచురింపజేశాడు. జర్మనీలో స్వరకర్త, విమర్శకుడు అయిన రాబర్ట్ షూమన్ 1835లో ఆ సింఫనీపై సుదీర్ఘమైన విమర్శ రాశాడు. అప్పటికి దాని వాద్యబృంద స్వరలిపి అచ్చు కాలేదు. 1845లో గాని అది వెలువడలేదు. షూమన్ ముందున్నది లిస్ట్ పియానో ప్రతి ఒక్కటే. ఒక మహారచన గుణదోషాలను విచారించడానికి అనువాదం సరిపోయిందంటే, ఆ అనువాదం ఎంత నమ్మకమైనదో ఊహించవచ్చు.

ధ్వనిముద్రణ సులభమైన తరువాత వాద్యానువాదానికి పనేమిటనే ప్రశ్న సహజంగా వస్తుంది. మూలాన్నే ఉత్తమ వాద్యబృందాల వాదనలో ఇంటివద్ద వినగలిగినప్పుడు పియానో ప్రతి ఎందుకు? ఇది బలమైన ప్రశ్న. మూలం తెలియనివారికి సమాచారం అందించడమే అనువాదపు పరమప్రయోజనమైతే, ఈ ప్రశ్నకు సమాధానం లేదు. కాని సంస్కృతం చక్కగా తెలిసినవారు కూడా తిక్కన భారతాన్ని ఇష్టంగా చదువుతారు. మూలంలో ఏముందో తెలుసుకోవడానికి కాక, ఒక మహాకవి ఆ మూలాన్ని ఎలా దర్శించాడో చూడడానికే వారు చదువుతారు. వాద్యానువాదాన్ని వినడంలోని ఆనందం కూడా ఇటువంటిదే.

లిస్ట్ బేతోవెన్ సింఫనీలకు చేసిన అనువాదాలు ఇందుకు గొప్ప నిదర్శనం. 1830వ దశకంలో కొన్నింటితో ఆరంభించిన ఈ పనిని ఆయన 1860వ దశకంలో గాని ముగించలేదు. తొమ్మిది సింఫనీల సంపుటి 1865లో వెలువడింది. మంచి యౌవనంలో మొదలుపెట్టిన పని యాభయ్యో పడిలో పూర్తయింది. యూరప్ అంతటా జనాన్ని ఉర్రూతలూగించిన ప్రదర్శకుడు ఆయన. అయినా ఈ సింఫనీలలో సొంత అలంకారాలను గుప్పించలేదు. ఏ స్వరం ఏ వాద్యానిదో పియానో లిపిలోనే అక్కడక్కడ పేర్లు రాసి, వాయించేవాడికి గుర్తుచేశాడు. ఇక్కడ వేణువు వలె, అక్కడ కొమ్మువాద్యం వలె ఊహించి వాయించమని దాని భావం. గాయకబృందం కూడా పాల్గొనే తొమ్మిదో సింఫనీ చివరి భాగం ఆయనను ఎంతో శ్రమపెట్టింది. తన ప్రతిభను మరొకరి రచన ముందు వినయంగా నిలిపిన సందర్భంగా ఈ సంపుటిని చెప్పుకోవాలి.

స్వరకర్తలే ఈ పద్ధతిని అంగీకరించారనడానికి చరిత్రలో సాక్ష్యాలు ఉన్నాయి. యోహాన్ సెబాస్టియన్ బాహ్ వైమార్‌లో ఉద్యోగం చేస్తున్న రోజులలో, 1713–14 ప్రాంతంలో, ఇటలీ స్వరకర్త వివాల్డీ వయొలిన్ రచనలను హార్ప్సికార్డ్‌కు, ఆర్గన్‌కు అనువదించాడు. బేతోవెన్ 1806లో తాను రచించిన వయొలిన్ కచేర్టోను మరుసటి సంవత్సరం తానే పియానోకు మార్చాడు. తమ ఊహ ఒకే వాద్యానికి కట్టుబడి ఉంటుందని ఈ మహనీయులు భావించలేదన్నమాట.

ఒకే మూలానికి ఇద్దరు సమర్థులైన అనువాదకులు రెండు భిన్నమైన మార్గాలు తొక్కితే ఏమవుతుందో తెలుసుకోవడానికి బాహ్ షాకోన్‌ను మించిన ఉదాహరణ లేదు. ఒంటరి వయొలిన్ కోసం బాహ్ రచించిన ఆరు కృతుల చేతిరాత ప్రతిపై 1720 అనే సంవత్సరం ఉంది. వాటిలో ఒకదాని చివరి భాగమే షాకోన్. ఒక చిన్న స్వరవాక్యం మళ్లీమళ్లీ వస్తూ, వచ్చిన ప్రతిసారీ కొత్త రూపం ధరిస్తూ, సుమారు పావుగంట సాగే రచన ఇది. నాలుగు తీగల చిన్న వాద్యంపై ఒక్క మనిషి ఇంతటి సౌధాన్ని నిర్మించగలగడమే ఇందులోని అద్భుతం.

ఇటలీలో పుట్టి జర్మనీలో స్థిరపడిన ఫెరుచో బుసోని 1890వ దశకంలో షాకోన్‌ను పియానోకు అనువదించాడు. వయొలిన్ సూచించి వదిలిన స్వరసముదాయాలను ఆయన పూర్తిగా నింపాడు. మంద్రస్థాయిలో గంభీరమైన స్వరాలు చేర్చాడు. ఆ అనువాదాన్ని వింటుంటే విశాలమైన చర్చిలో ఆర్గన్ మోగుతున్న అనుభూతి కలుగుతుంది. బాహ్ ఆర్గన్ వాదనలో అగ్రగణ్యుడు. ఆయన ఊహలో ఉండి, నాలుగు తీగలలో ఇమడని నాదాన్ని బయటికి తీయడమే తన పని అని బుసోని భావించాడు.

యోహానెస్ బ్రామ్స్ మార్గం దీనికి పూర్తిగా భిన్నం. ఆయన షాకోన్‌ను ఎడమచేతికి మాత్రమే అనువదించాడు. మూలంలోని స్వరాలను దాదాపు ఉన్నవి ఉన్నట్లుగా ఒక స్థాయి దిగువన ఉంచి, వాటన్నింటినీ ఒక్క చేతికి అప్పగించాడు. రెండు చేతులతో సునాయాసంగా వాయించగలిగినదానిని ఒక్క చేతితో వాయించవలసి వచ్చినప్పుడు, వయొలిన్ విద్వాంసుడు పడే శ్రమ పియానో విద్వాంసుడికి కూడా అనుభవంలోకి వస్తుంది. దూరంగా ఉన్న స్వరాలను అందుకోవడానికి చేయి సాగాలి. ఒకేసారి పలకని స్వరాలను వెంటవెంటనే పలికించి కలపాలి. బ్రామ్స్ 1877లో ఈ అనువాదాన్ని తన చిరకాల మిత్రురాలు, ప్రసిద్ధ పియానో విదుషి క్లారా షూమన్‌కు పంపాడు. అది ఆమెకు అందేనాటికి ఆమె కుడిచేతికి నొప్పి కలిగి ఉండడం యాదృచ్ఛికం.

వీరిద్దరిలో మూలానికి విధేయుడు ఎవరు? స్వరాలను లెక్కిస్తే బ్రామ్స్. నాదవైభవాన్ని చూస్తే బుసోని. ఒకరు మూలంలోని శ్రమను అనువదించారు. మరొకరు మూలంలోని మహత్త్వాన్ని అనువదించారు. రెండింటినీ విని, మళ్లీ వయొలిన్ మూలానికి వెళ్లిన శ్రోతకు అంతకుముందు వినిపించనివి ఎన్నో వినిపిస్తాయి. మూలం వద్దకు తిరిగి పంపగలగడమే మంచి అనువాదానికి గుర్తు.

బుసోని 1907లో ప్రచురించిన సంగీత సిద్ధాంత గ్రంథంలో ఈ విషయాన్ని మరింత లోతుగా చర్చించాడు. స్వరకర్త మనసులో మెదిలిన భావాన్ని కాగితంపై లిపిగా పెట్టడమే ఒక అనువాదమని ఆయన అభిప్రాయం. ఆ లిపిని చూసి వాయించేవాడు చేసేది మరొక అనువాదం. అలాంటప్పుడు వాద్యం మారినంతమాత్రాన మూలం చెడిపోతుందని ఎందుకు భయపడాలి? ఈ వాదాన్ని పూర్తిగా ఒప్పుకొంటే ఏ మార్పునైనా సమర్థించవచ్చు గనుక, దీనికి ఒక హద్దు అవసరం. ఆ హద్దును సంస్కృత అలంకారికులు ఏనాడో చెప్పిన ఔచిత్యం అనే మాట చక్కగా సూచిస్తుంది.

ఔచిత్యం లోపించిన వాద్యానువాదాలు లేకపోలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో ప్రసిద్ధ నాటకసంగీతం ఆధారంగా కేవలం వేగాన్ని, బలాన్ని ప్రదర్శించడానికి ఎన్నో రచనలు పుట్టాయి. వాటిలో చాలావాటిని కాలమే పక్కకు నెట్టింది. అయితే చమత్కారం ఉన్నంతమాత్రాన రచన తేలిపోతుందని అనలేం. అమెరికా సైనిక వాద్యబృందాలకు ప్రాణప్రదమైన సూసా కవాతు గీతాన్ని వ్లదీమిర్ హోరోవిట్స్ 1940వ దశకంలో పియానోపై వాయించి సభలను ముగ్ధుల్ని చేసేవాడు. కవాతు నడక ఒకవైపు, పాట ఒకవైపు సాగుతుండగా, వాటిపైన సన్నని పిల్లనగ్రోవి కూడా ఎగురుతుంది. మూడో చేయి ఎక్కడినుండి వచ్చిందోనని శ్రోతలు వెతుక్కొనేవారు. రష్యా సామ్రాజ్యంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన కళాకారుడు తనకు ఆశ్రయమిచ్చిన దేశానికి సమర్పించిన కానుకగా కూడా దానిని భావించవచ్చు. చమత్కారం వెనుక హృదయం ఉన్నదా లేదా అన్నదే చూడవలసినది.

రాసినవారిని గురించి చెప్పి వాయించినవారిని మరవడం న్యాయం కాదు. చాలాకాలం ఉపేక్షకు గురైన లిస్ట్ అనువాదాలకు ఇరవయ్యో శతాబ్దం ఉత్తరార్ధంలో కొందరు విద్వాంసులు మళ్లీ ప్రాణం పోశారు. కెనడాకు చెందిన గ్లెన్ గూల్డ్ ధ్వనిముద్రించిన అయిదో సింఫనీ 1968లో వెలువడింది. దానితోపాటు ఆయన కల్పిత విమర్శకుల పేర్లతో తానే సమీక్షలు రాసి, రాబోయే ఆక్షేపణలను ముందుగానే నవ్వులాటగా మార్చాడు. టర్కీకి చెందిన విదుషి ఇదిల్ బిరెట్, ఫ్రాన్స్‌కు చెందిన సిప్రియన్ కత్సారిస్ 1980వ దశకంలో తొమ్మిది సింఫనీలనూ ధ్వనిముద్రించారు. వాద్యబృందంలో పదులమంది పంచుకొనే భారాన్ని గంటలకొద్దీ ఒంటరిగా మోయడం సామాన్యమైన పని కాదు. అలసట వినపడకూడదు, ముఖ్యమైన పాట మరుగున పడకూడదు. వాద్యబృంద నాయకుడి బుద్ధి, వాద్యకారుడి చేయి ఒక్క మనిషిలోనే కలిసి పనిచేయాలి.

వాద్యానువాదం ఒక జాతికి ధైర్యం చెప్పిన సందర్భం కూడా ఉంది. రెండో ప్రపంచయుద్ధం ఆరంభం కాగానే లండన్‌లో సాయంకాలపు కచేరీలు ఆగిపోయాయి. నేషనల్ గ్యాలరీలోని చిత్రాలను భద్రత కోసం దూరప్రాంతాలకు తరలించారు. బోసిపోయిన ఆ భవనంలో పియానో విదుషి మైరా హెస్ 1939 అక్టోబరులో మధ్యాహ్నపు కచేరీలను ప్రారంభించింది. ఒక్క షిల్లింగు రుసుముతో ఉద్యోగులు, సైనికులు, గృహిణులు భోజన విరామంలో వచ్చి వినేవారు. బాంబులు పడుతున్న రోజులలో కచేరీలు నేలమాళిగలోకి మారాయే గాని ఆగలేదు. 1946 ఏప్రిల్ వరకు దాదాపు 1,700 కచేరీలు జరిగాయి. బాహ్ భక్తిగీతాలలో ఒకదానికి ఆమె చేసిన పియానో అనువాదం 1926లోనే అచ్చయింది. గాయకబృందం, వాద్యబృందం కలిసి పలికే ఆ గీతాన్ని ఆమె రెండు చేతులతో ఎంతో ప్రశాంతంగా వినిపించేది. యుద్ధం చేస్తున్నది జర్మనీతో. సాంత్వన ఇచ్చినది జర్మనీ స్వరకర్త గీతం. కళకు సరిహద్దులు లేవని ఉపన్యాసం చెప్పకుండానే ఆమె నిరూపించింది.

అమెరికా విద్వాంసుడు లియాన్ ఫ్లైషర్ జీవితం ఈ కథకు మరొక అధ్యాయం. 1960వ దశకం మధ్యలో, కీర్తి శిఖరాన ఉన్న సమయంలో, నాడీసంబంధమైన వ్యాధివల్ల ఆయన కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయాయి. నిరాశలో మునిగి, తిరిగి తేరుకొని, విద్యార్థులకు బోధిస్తూ, వాద్యబృందాలకు నాయకత్వం వహిస్తూ, ఎడమచేతి రచనలు వాయిస్తూ ఆయన సంగీతంలోనే నిలిచాడు. బ్రామ్స్ రాసిన షాకోన్ ఆయన చేతిలో కేవలం అభ్యాసపాఠంగా మిగలలేదు. వయొలిన్ పరిమితిని గౌరవించడానికి బ్రామ్స్ ఎంచుకొన్న ఒంటిచేయి, ఫ్లైషర్‌కు విధి ఇచ్చిన ఒంటిచేయి అయింది. మూడు దశాబ్దాల తరువాత చికిత్స వల్ల కుడిచేయి కొంత స్వాధీనంలోకి వచ్చింది. 2004లో ఆయన విడుదల చేసిన ధ్వనిముద్రికకు ‘రెండు చేతులు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. అందులోని తొలి రచన మైరా హెస్ అనువదించిన బాహ్ గీతమే. కష్టమైన రచనను ఎంచుకొని తన పునరాగమనాన్ని చాటుకోవచ్చు. కాని ఆయన ఎంచుకొన్నది నెమ్మదిగా సాగే ఒక అనువాదం. 2020లో ఆయన కన్నుమూసేనాటికి ఆ చిన్న గీతం ఎందరికో ఆశకు సంకేతమైంది.

వాద్యానువాదాన్ని వినదలచిన విద్యార్థికి పెద్ద సంగీతపాండిత్యం అవసరం లేదు. శ్రద్ధ ఉంటే చాలు. మొదట మూలాన్ని ఒకసారి వినాలి. తరువాత పియానో ప్రతిని వింటూ, వయొలిన్ పాట ఏ వేళ్లలోకి వచ్చిందో, భేరీనాదం స్థానంలో ఏది వినబడుతున్నదో గమనించాలి. ఏది పోయిందో గుర్తించాలి. ఏది కొత్తగా వచ్చిందో కూడా గుర్తించాలి. పోయినదానిని మాత్రమే లెక్కించేవాడికి ఏ అనువాదమూ నచ్చదు. ఆపైన అదే అనువాదాన్ని మరొక విద్వాంసుని వాదనలో వింటే, ఒకే లిపి ఇద్దరి చేతుల్లో రెండు విధాలుగా పలకడం తెలుస్తుంది. చివరగా మూలాన్ని మళ్లీ వినాలి.

పరుల రచనను తన వాద్యంలోకి తెచ్చుకొనేవాడు ముందు దానిని నిండుగా ప్రేమించాలి. ఏది వదలాలో, ఏది నిలపాలో ఆ ప్రేమే అతనికి నేర్పుతుంది. లిస్ట్ మూడు దశాబ్దాల శ్రమలో, బ్రామ్స్ ఒంటిచేతి నియమంలో, హెస్ నేలమాళిగ కచేరీలలో కనిపించేది ఈ ప్రేమే. నన్నయ, తిక్కనల భాషను చదువుకొంటున్న విద్యార్థులకు ఇది కొత్త పాఠం కాదు. వారికి తెలిసిన పాఠాన్నే పియానో తన మీటలపై మరొకసారి వినిపిస్తుంది.